పాత గోదావరి వంతెనకి అన్ని స్తంభాలెందుకు?

ప్రశ్న (నిడదవోలు నుంచి):
ఆదివారం మా అమ్మాయిని రాజమండ్రి తీసుకెళ్లాను. హేవ్‌లాక్ వంతెన చూసి ‘నాన్నా, దీనికి ఇన్ని స్తంభాలేంటి? రోడ్డు కమ్ రైలు వంతెనకి తక్కువున్నాయే’ అంది. ఎనిమిదో తరగతి పిల్లకి అర్థమయ్యేలా ఎలా చెప్పాలండీ?

జవాబు 1:
పాతదాని పని 1897 నవంబరులో మొదలైంది. 1900 ఆగస్టు 30న రైళ్లు నడిచాయి. హేవ్‌లాక్ అంటే అప్పటి మద్రాసు గవర్నరు. వంతెన లేనప్పుడు ఈ ఒడ్డున రైలు దిగి, పడవలో ఏరు దాటి, అటు మళ్లీ రైలెక్కేవారు.

జవాబు 2 (వంతెనల గ్యాంగులో చేసి రిటైరయ్యాను):
ఆయ్, అమ్మాయి అడిగింది సరైన ప్రశ్న. పాతదానికి 56 ఖానాలు (రెండు స్తంభాల మధ్య భాగాన్ని ఖానా అంటాం), ఒక్కోటి 45.7 మీటర్లు. 1974లో వచ్చిన రోడ్డు కమ్ రైలు వంతెనకి 91.5 మీటర్లవి 27, చిన్నవి 7. ఖానా పొడవు రెట్టింపైతే, మీటరుకి బరువు అంతే ఉన్నా, గడ్డరుని, అంటే స్తంభాల మీద ఆనే ఉక్కు దూలాన్ని, వంచే బలం నాలుగు రెట్లవుతుంది. అందుకే గడ్డరు ఎత్తు పెంచాలి, ఉక్కు ఎక్కువ పట్టాలి. ఖానా పొట్టిదైతే గడ్డరు తేలిక, కానీ స్తంభాలు పెరుగుతాయి. గోదావరి ఇసుకలో ఒక్కో స్తంభానికి బావి, అంటే పునాదిగా ఉండే బోలు గొట్టంలాంటి కట్టడం, దింపడం మాటలా! లోపల ఇసుక తోడుతుంటే బావి తన బరువుకే కిందికి దిగాలి, పక్కకి ఒరగకూడదు. వరదకి అడుగు ఇసుక కోసుకుపోయినా నిలబడేంత లోతుకి వెళ్లాలి.

అమ్మాయికి మూడు పుల్లలు మూలల్లో కట్టి త్రికోణం చేసి చూపించండి. ఎంత నొక్కినా ఆకారం మారదు. నాలుగు పుల్లల చట్రమైతే పక్కకి వాలిపోతుంది. వంతెన గడ్డరుని ట్రస్ అంటారు, అది ఆ త్రికోణాల వరసే. రైలు మీదికొస్తే పై కమ్మీ నొక్కుకుంటుంది, కింది కమ్మీ సాగుతుంది.

ఉక్కు ముక్కల్ని కలిపి బిగించే రివెట్లు (రెండు వైపులా తలలున్న మేకులు) మేం చేత్తోనే చూసేవాళ్లం. ఒక తలపై వేలు పెట్టి, రెండో తలపై సుత్తితో కొట్టాలి. వేలికి అదురు తగిలితే వదులైనట్టే. 1997లో పాత వంతెన మీద రైళ్లు ఆపేసిన రోజు నాకు అన్నం సయించలేదు.

అడిగినవారు:
పుల్లలతో చేశాం, వెంటనే పట్టేసింది! మరి ఎండాకాలం ఇనుము సాగదా అంటోంది.

జవాబు 2:
సాగుతుందమ్మా. 30 డిగ్రీలు వేడెక్కితే 91.5 మీటర్ల గడ్డరు సుమారు 33 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అందుకే ఒక చివర కదలకుండా పట్టి ఉంచి, రెండో చివర కింద కదిలే బేరింగు పెడతారు. దాన్ని శుభ్రం చేసి గ్రీజు పెట్టడమే మాకు వేసవి ముందు పని.