ఇంపెల్లర్ మార్చినా బోటు ఇంజిన్ హీటెక్కుతోంది, హెడ్ దింపమంటున్నారు

అంతర్వేది నుంచి:
మాది చెక్క బోటు, లోపల నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజిన్. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, ఆ 61 రోజులూ కాలవలో కట్టే ఉంచాం. 15న తెల్లవారుజామున తీశాం. వశిష్ఠలో మెల్లగా వచ్చినంతసేపూ ఇంజిన్ వేడి చూపే ముల్లు 80 డిగ్రీలు దాటలేదు. మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దాటి ఫుల్ స్పీడు ఇచ్చిన పావుగంటకి 100కి ఎక్కింది. పొగ గొట్టంలోంచి నీళ్లు సన్నగా, తెల్లటి ఆవిరి దట్టంగా వస్తోంది. స్పీడు తగ్గిస్తే ముల్లు దిగుతుంది, పెంచితే మళ్లీ అంతే. మెకానిక్ ఉప్పునీళ్ల పంపులో ఇంపెల్లర్, అదే నీళ్లు తోసే రబ్బరు రెక్కల చక్రం, మార్చాడు, తేడా లేదు. ఇప్పుడు హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పైభాగమైన హెడ్ కింద ఉండే సీలు) పోయిందంటున్నాడు. రెండు నెలలు వేట లేక అప్పుల్లో ఉన్నాం, నాతో పాటు నలుగురు కలాసీల ఇళ్లు దీని మీదే. హెడ్ దింపకముందు ఇంకేం చూడాలి? చాలా టెన్షన్‌గా ఉంది.

భైరవపాలెం నుంచి:
తమ్ముడూ, హెడ్ జోలికి ఇప్పుడే వెళ్లకు. గ్యాస్కెట్ పోతే కూలెంట్ తరుగుతుంది, ట్యాంకులో బుడగలొస్తాయి, ఒక్కోసారి ఆయిల్ పాలు కలిపినట్టు తెల్లబడుతుంది. అవేవీ లేకపోతే, నెమ్మదిగా వెళ్లేటప్పుడు బాగుండి స్పీడులోనే కాగుతోందంటే ఉప్పునీళ్లు చాలడం లేదేమో చూడాలి. అడుగున నీళ్లు లాగే జాలీ చూశావా? కట్టేసిన బోటుకి గుల్లలు పట్టేస్తాయి. మాకోసారి చిటికెన వేలు దూరేంత సందే మిగిలింది.

యానాం నుంచి:
పాత ఇంపెల్లర్ పారేశారా? ఉంటే రెక్కలు లెక్కపెట్టండి. రెండు నెలలు ఒకే వంపులో ఉండిపోయిన రబ్బరు రెక్క స్టార్ట్ చేయగానే విరగొచ్చు. ఆ ముక్క నీళ్లతో వెళ్లి ముందున్న సన్నటి గొట్టాల మూతి దగ్గర ఆగుతుంది. కొత్త ఇంపెల్లర్ వేసినా ఆ అడ్డు పోదు. విప్పేముందు అడుగు వాల్వు కట్టేయండి, లేకపోతే బోటులోకి నీళ్లొచ్చేస్తాయి. మళ్లీ స్టార్ట్ చేసేముందు దాన్ని తెరవడం మర్చిపోవద్దు. ఇంజిన్ చల్లారకుండా కూలెంట్ మూత మాత్రం తీయకండి. మా వాడొకడు అలా తీసి మెడంతా కాల్చుకున్నాడు.

అంతర్వేది నుంచి:
అన్నా, పాతది సామాన్ల పెట్టెలోనే ఉంది. పన్నెండు రెక్కల్లో మూడు లేవు! కూలెంట్ తరగలేదు, ఆయిల్ నల్లగానే ఉంది. పాటుకి నీళ్లు తగ్గి బోటు ఇసుక మీద ఆనగానే జాలీ గుల్లలు గోకేశాం. ఉప్పునీళ్లతో కూలెంట్‌ని చల్లార్చే హీట్ ఎక్స్‌ఛేంజర్ మూత తీస్తే చింతపిక్కంత రబ్బరు ముక్కలు రెండు దొరికాయి. కొబ్బరి ఈనెలతో గొట్టాలన్నీ పొడిచి కడిగాను, తెల్లటి ఉప్పు పెచ్చులు చాలా వచ్చాయి. ఏటిలోనే ఫుల్ స్పీడులో నడిపితే 88 దగ్గర ఆగింది. మూడో ముక్క దొరకలేదు.

యానాం నుంచి:
పంపు తర్వాత గేర్ బాక్స్ ఆయిల్ కూలర్ ఉందా? ముందు దాని మూతి చూడండి. ఎక్స్‌ఛేంజర్ ఎలాగూ విప్పారు కాబట్టి అందులో ఉప్పునీళ్లకి లోహం తినేయకుండా కాపాడే జింకు కడ్డీ సగం కన్నా ఎక్కువ అరిగి ఉంటే మార్చేయండి.

అంతర్వేది నుంచి:
కూలర్ మూతికే అడ్డంగా పడుకుని ఉంది. తీశాక గంటసేపు నడిపినా ముల్లు 80 దాటలేదు. జింకు కొత్తది వేశాను. రేపు నిండు పోటు మీద మొగ దాటుతున్నాం.