అప్‌డేట్: షుగర్ నార్మల్, మరి ఫ్యాటీ లివర్ ఎందుకు?

ఫాస్టింగ్ షుగర్ నార్మల్‌గా ఉన్నా నాన్నకి ఫ్యాటీ లివర్ ఎలా వచ్చిందని ఇదివరకు అడిగాను. డాక్టర్ గారు ఓపిగ్గా చెప్పారు. తీపిలో ఉండే ఫ్రక్టోజ్ అనే చక్కెరను చాలావరకు లివరే చూసుకోవాలి. మోతాదు మించితే కొవ్వుగా మార్చేస్తుంది. దానికి వేపుళ్ల కొవ్వు తోడైతే లివర్‌లో కొవ్వు నిల్వ ఇంకా పెరుగుతుంది. క్రమంగా లివర్ ఇన్సులిన్ మాట వినదు. పాంక్రియాస్ మరింత ఇన్సులిన్ వదులుతూ షుగర్‌ను అదుపులో ఉంచుతుంది, కాబట్టి ఏళ్ల తరబడి ఫాస్టింగ్ టెస్టులో ఏమీ బయటపడకపోవచ్చు. నన్ను భయపెట్టింది ఇదే. నాన్న రిపోర్టులో ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు) 210 ఉన్నాయి, 150 లోపు ఉండాలట. తీపి డ్రింకులు పూర్తిగా మాన్పించాం, రోజూ నడుస్తున్నారు. మూడు నెలలయ్యాక మళ్లీ టెస్టులు, ఈసారి హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే టెస్టు) కూడా. మీ ఇంట్లో ఎవరికైనా ఇలాగే ఉంటే ట్రైగ్లిజరైడ్స్ కూడా చూడండి.