సమస్య: చేప కడుపులో మ్రోగెను సెల్లు ఫోను

నిర్వాహకుడు:

ఈ వారం పూరించాల్సిన పద్యం తేటగీతి. చివరి పాదం ఇదిగో.

చేప కడుపులో మ్రోగెను సెల్లు ఫోను

యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నడుమ జత కుదరాల్సిన అక్షరం, ఇక్కడ చే–సె. చకారానికి సకారంతో మైత్రి ఉంది కాబట్టి ఎవరూ కంగారు పడక్కర్లేదు. పై మూడు పాదాలు మీవి. ఒక్కటే షరతు: పద్యం కింద మీరు వాడిన ఫోన్లలో బాగా ఇష్టమైనదాని గురించి నాలుగు మాటలు రాయాలి. "చాలా బాగుండేదండీ" అని వదిలేస్తే లెక్కలోకి రాదు.

ముందు నాది చెప్పేస్తాను. నోకియా 3310. అది లోకంలోకి 2000లో వచ్చింది, నా దగ్గరికి ఇంకొకరు వాడి వదిలేశాక వచ్చింది. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి పాము ఆట మొదలుపెడితే, నర్సాపురం ఒడ్డు తగిలేసరికి పాము తోక తెరంతా నిండాలి. నిండకపోతే ఆ రోజు పనేదీ సరిగా అయ్యేది కాదు. ఇది మూఢనమ్మకం అని నాకూ తెలుసు.

నర్సాపురం అక్క:

లేసు దారాన మాయమ్మ లెస్సగాను
అల్లె చేపను బోలిన యట్టి సంచి
దాన నుంచితి నోకియా, తడవు లేక
చేప కడుపులో మ్రోగెను సెల్లు ఫోను

నాది నోకియా 1100. మా ఇంట్లో సిగ్నల్ ఒక్క కిటికీ దగ్గరే వచ్చేది. అందుకని అమ్మ మిగిలిపోయిన లేసు దారంతో చేప ఆకారంలో సంచి అల్లి, కిటికీ మేకుకి తగిలించింది. కళ్ళకి రెండు నల్ల గుండీలు. శుక్రవారం మా తమ్ముడికి కువైట్‌లో సెలవు. ఆ రోజు పొద్దుటి నుంచీ ఇంట్లో అందరం కిటికీ వంకే చూసేవాళ్ళం. ఒకసారి మా పిల్లి అది నిజం చేపేననుకుని దూకింది, సరిగ్గా అప్పుడే మోగింది. ఆ తర్వాత అది ఆ గదిలోకి రాలేదు.

నిర్వాహకుడు:

అక్కా, పూరణ చక్కగా అమరింది. చేపని సంచి చేసేస్తే ఇక అసంభవం ఎక్కడుంది! ఒక్క "లెస్సగాను" మాత్రం యతి కోసం తెచ్చిపెట్టినట్టుంది. అమ్మ అల్లిక లెస్సగానే ఉంటుంది, ఆ మాట పద్యం చెప్పక్కర్లేదు. అక్కడ కిటికీ వచ్చి ఉంటే ఎంత బాగుండేది! పిల్లి వచ్చి ఉంటే ఇంకా.

భీమవరం చెరువుల ఆసామి:

పులస జన యెందు దొరకును? పొద్దు వాల
గుడిని గంట యేమయ్యెను? కొడుకు చేత
నెల్లవేళల నుండెడి దేమి? చెపుమ
చేప కడుపులో, మ్రోగెను, సెల్లు ఫోను

క్రమాలంకారం. మూడు ప్రశ్నలు, వరసగా మూడు జవాబులు. జన అంటే చేప గుడ్లు. ఆయ్!

అమలాపురం మాస్టారు:

ఆసామిగారూ, విరుపు బాగుంది. కానీ "గంట యేమయ్యెను" అని చదవగానే ఎవరో ఎత్తుకుపోయారేమో అనుకున్నాను. ప్రశ్న జవాబువైపు ఇంకొంచెం వంగాలి. పైగా షరతు ఎగ్గొట్టారు. మీ ఫోను ఏది?

భీమవరం చెరువుల ఆసామి:

తప్పించుకుందామనుకున్నాను, దొరికిపోయాను. నాదీ 1100 యే. లోకమంతా 25 కోట్లకు పైగా అమ్ముడైన ఫోను కదండీ, ఇద్దరికి ఒకటే నచ్చితే వింతేముంది. నాకు మాట్లాడ్డం కన్నా దాని నెత్తి మీది టార్చితోనే ఎక్కువ పని. రాత్రి రెండింటికి కరెంటు పోతే రొయ్యల చెరువులో నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు ఆగిపోతాయి. ఇంక గట్టు మీద జనరేటర్ దాకా పరుగు. బురద చేత్తో నొక్కినా మీటలు పనిచేసేవి, ఎందుకంటే మీటలన్నీ కలిపి ఒకటే రబ్బరు ముక్క. ఒకసారి చెరువులో పడితే బియ్యం డబ్బాలో మూడు రోజులు దాచాను. మా ఇంట్లోవాళ్ళు తెలియక ఆ బియ్యంతోనే అన్నం వండారు. ఫోను బతికింది, మేమూ బతికాం.

రాజోలు తమ్ముడు:

ఇది నా మొదటి పద్యం. తప్పులుంటే దిద్దండి.

నిన్న కలలోన గోదారి నీటిలోన
పడిన ఫోనును మ్రింగెను చేప యొకటి
మిస్డు కాలిచ్చి చూడగ మెల్లగాను
చేప కడుపులో మ్రోగెను సెల్లు ఫోను

నా మొదటి ఫోను 2017లో వచ్చిన జియో మీటల ఫోను. 1,500 రూపాయలు డిపాజిట్ కట్టి తాతయ్య కొన్నారు. పేరుకి నాది, వాడింది ఆయన.

అమలాపురం మాస్టారు:

తమ్ముడూ, గణాలు ఎక్కడా తప్పలేదు, మొదటి పద్యానికి అది తక్కువ సంగతి కాదు. "మిస్డు"లో స్డు సంయుక్తం కాబట్టి మి గురువైంది, గురువు పక్కన లఘువుతో గలం కుదిరింది. "మిస్డు కాలిచ్చి" నాకు తెగ నచ్చింది. ఇన్‌కమింగుకి కూడా డబ్బులు పోయిన రోజుల్లో మేం సగం కాపురం మిస్డ్ కాల్స్ మీదే నడిపాం. ఒకటైతే బయలుదేరాను, రెండైతే బస్సు దొరకలేదు.

తప్పు రెండో పాదంలో ఉంది. "పడిన"కి "చేప"తో యతి కుదరదు. ఇలా మార్చి చూడు:

పడిన ఫోనును మ్రింగెను పండుగప్ప

యతి కుదిరింది, పేరున్న చేపా దొరికింది. దాని నోరు చూశావుగా, ఫోనేమిటి, చార్జరు కూడా పడుతుంది.

నిర్వాహకుడు:

నాదొక ఫిర్యాదు. కల అనేస్తే ఏ సమస్యైనా తీరిపోతుంది. ఏనుగు చీమని కన్నా, సూర్యుడు పడమట పొడిచినా కలే. ఈసారికి ఒప్పుకుంటున్నాను, మళ్ళీసారి మెలకువగా ఉండి రాయి. మాస్టారూ, అందరికీ దిద్దుతున్నారు, మీ పూరణేదీ?

అమలాపురం మాస్టారు:

పులస కోయగ వంగితి, పోయె జారి
చొక్క జేబున నున్నట్టి చుట్టమొకటి
ఇంటి నుండి మా యావిడ యిచ్చె కాలు
చేప కడుపులో మ్రోగెను సెల్లు ఫోను

ఇందులో కల్పన లేదు. గోదారికి ఎర్రనీరు తగిలిన రోజులు. సముద్రం నుంచి పులస ఎదురీదుకుంటూ వచ్చే కాలం. పుస్తెలమ్మి అయినా పులస తినమన్నారని నేనూ రేవుకి వెళ్ళాను. కొందామని కాదు, చూద్దామని. అమ్మే ఆమె కత్తిపీట మీద చేపని చీల్చి "జన చూడండి మాస్టారూ" అంది. నేను వంగాను. ఫోను జేబులోంచి జారి సరిగ్గా ఆ చీలికలో పడింది. ఇంకా తీయకముందే మోగింది. ఆమె నవ్వలేదు. "మీ ఫోను పడ్డ చేపని ఇంకెవరు కొంటారండీ" అంది.

కొన్నాను. ధర అడగకండి, ఇవన్నీ మా ఇంట్లో చదువుతారు.

ఆ ఫోను ఇంకో నాలుగేళ్ళు పనిచేసింది. అయిదో అంకె పక్కన ఒక పొలుసు ఇరుక్కుని చాలాకాలం మెరుస్తూ ఉండేది. వారం రోజులు హలో అన్నప్పుడల్లా నీచు వాసన. తర్వాత ఎన్ని ఖరీదైన ఫోన్లు మార్చినా, చేత్తో పట్టుకోగానే బొటనవేలు అయిదో అంకె పక్కకే పోతుంది. అక్కడ నున్నటి అద్దం తప్ప ఏమీ ఉండదు.

భీమవరం చెరువుల ఆసామి:

మాస్టారూ, "మా యావిడ యిచ్చె కాలు" దగ్గర నాకో సందేహం. కాలు ఇచ్చారా, కాలితో ఇచ్చారా?

అమలాపురం మాస్టారు:

సెల్లు, ఫోను అచ్చుతో ముగిసే అజంతాలైనప్పుడు కాలు మాత్రం ఎందుకు కాకూడదు? వ్యాకరణానికి అభ్యంతరం లేదు. రెండో అర్థం ఇంటికి వెళ్ళాక తేలుతుంది.

రాజోలు తమ్ముడు:

"చొక్క" అనవచ్చా గురువుగారూ? చొక్కా కదా?

అమలాపురం మాస్టారు:

పట్టుకున్నావ్! దీర్ఘం పెడితే రెండు గురువులు, సూర్యగణం కుదరదు. కుదించాను. దీన్ని గడుసుతనం అనుకో, పాండిత్యం అనుకోకు.

మాస్టారి భార్య:

పద్యం చదివాను. ఆ రోజు పులస ఎక్కడిదండీ అంటే "మనకి కావలసిన చుట్టం ఒకడు ఇప్పించాడు" అన్నారు. ఆ చుట్టం చొక్కా జేబులో ఉండేవాడని ఇవాళ తెలిసింది. ఎంతకి కొన్నారో నిర్వాహకుడిగారి ముందే చెప్పండి.