రామప్ప గుడి లోపలి నీడ: మూడు ఎక్స్‌పోజర్లు కలిపిన చిత్రాన్ని ఏ విభాగంలో ఉంచాలి?

హన్మకొండ సభ్యుడు (చర్చ ప్రారంభించినవారు):
కాకతీయుల కట్టడాలపై మా బృందం పెట్టబోయే ప్రదర్శనకు వచ్చిన చిత్రాలలో ఒకదానిపై న్యాయనిర్ణేతలు ఏకాభిప్రాయానికి రాలేదు. పాలంపేటలోని రామప్ప గుడి మహామండపంలో నిలబడి, కెమెరాలోని బ్రాకెటింగ్ సదుపాయంతో, అంటే ఒకే దృశ్యాన్ని వేర్వేరు వెలుగు మోతాదులలో వరుసగా తీసే పద్ధతిలో, మూడు ఎక్స్‌పోజర్లు తీసి, వాటిని ఒకే చిత్రంగా కలిపారు. స్తంభాల మీది చెక్కడమూ, వాకిలి అవతల ఎండలోని పచ్చికా రెండూ స్పష్టంగా కనిపిస్తున్నాయి. దీనిని సాధారణ విభాగంలో ఉంచాలా, సృజనాత్మక ఎడిటింగ్ విభాగానికి పంపాలా? కారణాలతో చెప్పగలరు.

చీకటిగది:
రెండవ విభాగానికే పంపాలని నా అభిప్రాయం. 1213 నాటి ఆ గుడికి వెళ్లినవారెవరికైనా మొదట అనుభవంలోకి వచ్చేది లోపలి నీడే. మండపానికి మూడు వైపుల నుంచి వచ్చే వెలుగు నునుపు చేసిన నల్లరాతి స్తంభాల మీద ఒక పక్కగా జారుతుంది, ఆ జారుడులోనే చెక్కడం లోతు తెలుస్తుంది. మీరు చెప్పిన చిత్రం ప్రదర్శనకు వచ్చినప్పుడు నేనూ చూశాను. అందులో అన్ని స్తంభాలకూ ఒకే వెలుగు ఉంది, అది ఎటు నుంచి వస్తున్నదో చెప్పలేము. పైగా వాకిలి అంచుల వెంట తెల్లని వలయం కనిపిస్తున్నది. ఈ రోజుల్లో మంచి సెన్సరు ఒక్క రా ఫైలులోనే (కెమెరా సవరించకుండా దాచే అసలు ఫైలు) 13, 14 స్టాపుల తేడాను (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు) పట్టుకుంటున్నప్పుడు మూడు ఫ్రేముల అవసరమేమిటో నాకు అర్థం కాదు.

మూడు ఫ్రేములు:
చీకటిగది గారు చెప్పిన దోషాలను నేను ఒప్పుకుంటాను, కానీ వాటిని బ్రాకెటింగ్ ఖాతాలో వేయడాన్ని ఒప్పుకోలేను. అపెర్చర్ (లెన్సు రంధ్రం), ఐఎస్ఓ (వెలుగుకు స్పందించే స్థాయి), వైట్ బ్యాలెన్స్ (రంగుల సమతూకం) స్థిరంగా ఉంచి షట్టర్ వేగాన్ని మాత్రమే మారుస్తూ, సెకనులో 250వ వంతు, 60వ వంతు, 15వ వంతు చొప్పున తీస్తే ఒక్కో ఫ్రేముకు రెండేసి స్టాపుల తేడాతో మూడు చిత్రాలు వస్తాయి. అపెర్చర్ మారితే ఫోకస్ లోతు కూడా మారుతుంది కాబట్టి దానిని ముట్టుకోరు. ఈ మూడింటిలోనూ అక్కడ లేనిదేదీ లేదు. సెన్సరు సామర్థ్యం గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాను: నల్లరాయి వెలుగును తక్కువగా తిప్పి పంపుతుంది, అందువల్ల ఎండను కాపాడుతూ తీసిన ఒకే ఫ్రేములో ఆ రాతి వివరమంతా అట్టడుగు స్టాపులలో పడుతుంది. దానిని తరువాత పైకి లాగితే చెక్కడంతో పాటు నాయిస్ (చిత్రంలోని గరుకు చుక్కలు) కూడా లేస్తుంది. ఎక్కువసేపు తీసిన ఫ్రేము ఆ చోటును శుభ్రంగా ఇస్తుంది.

ఇక తెల్లని వలయం, దిశ లేని వెలుగు అనేవి కలపడంలో పుట్టినవి కావు. కలిపిన ఫైలులో ఉండే వెలుగుల అంతరాన్ని సాధారణ తెర చూపలేదు కాబట్టి దానిని కుదించాలి. ఆ కుదింపుకే టోన్ మ్యాపింగ్ అని పేరు. స్లైడర్‌ను చివరిదాకా లాగినవారి అభిరుచికి బ్రాకెటింగ్ ఎందుకు శిక్ష అనుభవించాలి? నేనైతే ఆటోమేటిక్ విలీనాన్ని వదిలి, మధ్య ఫ్రేమును ఆధారంగా పెట్టుకుని, వాకిలి చోట మాత్రం చీకటి ఫ్రేము నుంచి మాస్కుతో (ఎంచుకున్న చోటు మాత్రమే కనిపించేలా కప్పడం) వెలుగును తెచ్చుకుంటాను. లోపలి నీడ నీడగానే ఉంటుంది. పురావస్తు శాఖ సంరక్షణలోని కట్టడాలలో ట్రైపాడ్‌కు ముందస్తు అనుమతి కావాలి కనుక చాలామంది చేతితోనే తీస్తారు. అలాంటప్పుడు సాఫ్ట్‌వేర్ ఫ్రేములను సరిచేసి అంచులను కొంత కోస్తుందని గుర్తుంచుకుని కూర్పును కాస్త వదులుగా పెట్టుకోవాలి.

చరిత్రను చూసినా ఇది కొత్త పని కాదు. 1850లలోనే ఫ్రాన్సులో గుస్తావ్ ల గ్రే సముద్రానికి ఒక నెగెటివ్, ఆకాశానికి మరొకటి తీసి ప్రింటులో కలిపాడు.

కరీంనగర్ సభ్యురాలు:
మూడు ఫ్రేములు గారి మాటకు ఒక చిన్న చేర్పు. నేటి ఫోనులలో చాలావరకు అడగకుండానే అనేక ఫ్రేములు తీసి కలుపుతాయి. గూగుల్ హెచ్‌డీఆర్ ప్లస్ మొదట్లో బ్రాకెటింగ్ కూడా కాకుండా, తక్కువ ఎక్స్‌పోజరుతో వరుస ఫ్రేములు తీసి నాయిస్‌ను తగ్గించేది. ఆ ఫోను చిత్రాలను సాధారణ విభాగంలో తీసుకుంటూ, కెమెరాతో అదే పనిని తెలిసి చేసినవారిని బయటికి పంపడం ఏ న్యాయం? అయితే ఆ చిత్రంలో నడుస్తున్న భక్తురాలి చీర కొంగు రెండుచోట్ల కనిపిస్తుంటే మాత్రం నిర్ణేతలు తప్పక అడగాలి.

చీకటిగది:
అమ్మా, ఫోనుల సంగతి మీరన్నది నిజమే, ఫ్రేముల సంఖ్యతో గీత గీయలేమని ఇప్పుడు నాకూ అనిపిస్తున్నది. కానీ ల గ్రే ఉదాహరణ మూడు ఫ్రేములు గారి వాదనకే ఎదురు తిరుగుతుంది. ఆ కాలపు కొలోడియన్ పలకలు (రసాయనం పూసిన గాజు నెగెటివ్‌లు) నీలి వెలుగుకు మరీ స్పందించేవి కనుక ఆకాశం వెలిసిపోయేది, ఆయనకు ఆ అవసరం ఉండెనన్నది సరే. అయితే ఒకే మేఘాల నెగెటివ్‌ను ఆయన వేర్వేరు సముద్ర దృశ్యాలకు వాడుకున్నాడు. ఓరుగల్లు కోట కీర్తి తోరణం వెనుక శ్రావణ మాసపు మేఘాలు అతికించి ఎండాకాలపు చిత్రాన్ని పంపేవారు చేస్తున్నది కూడా అదే కదా? 2015లో వరల్డ్ ప్రెస్ ఫోటో పోటీలో చివరి ముందు దశకు చేరిన చిత్రాలలో సుమారు 20 శాతం మార్పుల కారణంగా పక్కకు పోయాయి. ఆ నిర్వాహకులు అసలు ఫైలులను తెప్పించి పోల్చారు కాబట్టే అది బయటపడింది. మనమూ అడగాలి.

మూడు ఫ్రేములు:
ల గ్రే విషయంలో మీ మాట ఒప్పుకుంటాను, నా ఉదాహరణను వెనక్కి తీసుకుంటున్నాను. వేరే రోజు ఆకాశం సృజనాత్మక విభాగానిదే, అందులో నాకు వాదన లేదు.

హన్మకొండ సభ్యుడు:
పోటీదారుల నుంచి మూడు రా ఫైలులనూ తెప్పించుకుని, తీసిన సమయాలను చూసి, ఒకే చోట వరుసగా తీసినవైతే సాధారణ విభాగంలోనే ఉంచాలని నిర్ణేతలకు రాస్తున్నాను. టోన్ మ్యాపింగ్ అతిగా ఉంటే మార్కులు తగ్గించడం వారి ఇష్టం. ఫోను చిత్రాలకు రా ఫైలు దొరకని సందర్భాలలో ఏం చేయాలన్నది ఇంకా తేలలేదు, దాని మీద కరీంనగర్ సభ్యురాలి సలహా కావాలి. చూరు కింది మదనికను (స్త్రీ శిల్పం) ఫోకస్ బ్రాకెటింగ్‌తో, అంటే ఫోకస్‌ను మారుస్తూ తీసిన ఫ్రేములను కలిపి, తల నుంచి పాదం దాకా స్పష్టంగా తీసిన మరో చిత్రమూ వచ్చింది, దానికీ ఇదే నియమం వర్తింపజేద్దామా?