మారిషస్‌లో ట్రైనీగా ఏడాది గడిచాక ఉద్యోగం ఉంటుందా?

అందరికీ నమస్కారం. ఎం.ఏ. ఎకనామిక్స్ ప్రాజెక్టు కోసం మారిషస్ యువత ఉపాధి పథకాల గురించి చదువుతున్నాను. అక్కడి తెలుగువాళ్లుగానీ, అక్కడ పనిచేసి వచ్చినవాళ్లుగానీ కాస్త సాయం చేయగలరా?

2013లో మొదలైన యూత్ ఎంప్లాయ్‌మెంట్ ప్రోగ్రాం కాగితం మీద బాగానే ఉంది. ఉద్యోగం లేని యువతను కంపెనీ ఏడాది పాటు పెట్టుకుంటుంది, వాళ్లకిచ్చే స్టైపెండ్‌లో కొంత ప్రభుత్వం కంపెనీకి తిరిగిస్తుంది. నా డౌటల్లా ఆ తర్వాతి సంగతే. పాతవాళ్లను పర్మనెంట్ చేస్తారా, లేక పంపేసి సబ్సిడీ కోసం కొత్తవాళ్లను తెచ్చుకుంటారా? నాకు దొరికిన కాగితాల్లో చేరినవాళ్ల లెక్కే ఉంది, నిలబడినవాళ్ల లెక్క లేదు. అసలు కావాల్సింది అదే కదా!

ఇంకొకటి. చెరకు, బట్టల ఫ్యాక్టరీల జోరు తగ్గాక దేశం టూరిజం, బ్యాంకింగ్, ఎబెన్ సైబర్‌సిటీ (అక్కడి ఐటీ కంపెనీల కేంద్రం) వైపు మళ్లింది. 2019 నుంచి ప్రభుత్వ విద్యాసంస్థల్లో మొదటి డిగ్రీకి ఫీజు కూడా లేదు. అయినా బట్టల మిల్లుల్లో బంగ్లాదేశ్ కార్మికులు కుడుతుంటే, స్థానికంగా డిగ్రీ చదివినవాళ్లు, ముఖ్యంగా ఆడపిల్లలు, పని కోసం ఎదురుచూస్తున్నారు. జీతం చాలకనా, ఆ పని నామోషీ అనా?

ట్రైనీలు తర్వాత ఏమయ్యారో చెప్పే రిపోర్టు ఏదైనా ఉంటే పేరు చెప్పండి. ఫ్రెంచ్‌లో ఉన్నా పర్లేదు, తంటాలు పడతాను. సొంత అనుభవమైతే మరీ మంచిది.