జేడ్ గూడీ తన చావును టీవీకి అమ్ముకోవడం తప్పా? (చర్చ)

నిదానం:
జేడ్ గూడీ మీద వచ్చిన పాత కార్యక్రమం ఒకటి నిన్న రాత్రి మళ్లీ చూశాను. తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. ఆమె బ్రిటన్‌లో దంతవైద్యుల దగ్గర సహాయకురాలు. 2002లో అక్కడి ‘బిగ్ బ్రదర్’ అనే టీవీ షో ఇంట్లోకి వెళ్లింది. పాట రాదు, నటన రాదు, నోటికొచ్చింది మాట్లాడటం వల్లే పేరొచ్చింది. 2007లో అదే ఇంట్లో శిల్పా శెట్టిని జాతి పేరుతో అవమానించిందని దేశదేశాల్లో తిట్లు తింది. 2008 ఆగస్టులో మన హిందీ ‘బిగ్ బాస్’లోకి వచ్చిన రెండు రోజులకే, కెమెరాల మధ్య ఉండగానే, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అన్న కబురు ఫోనులో అందింది. 2009 ఫిబ్రవరి 22న పెళ్లి చేసుకుంది, ఆ పెళ్లి హక్కులు కూడా పత్రికకూ టీవీకీ అమ్మింది. సరిగ్గా నెలకు, మార్చి 22న కన్నుమూసింది. 27 ఏళ్లు. ఇద్దరు పసిపిల్లలు.

నా దృష్టిలో ఇది శవం మీద పేలాలు ఏరుకోవడమే. శవం కాకముందే ఏరడం మొదలుపెట్టారు, అంతే తేడా. టీవీది తప్పు, ఆమెది తప్పు, చూసిన మనదీ తప్పే. మీరేమంటారు?

సంధ్యారాగం:
ఆమెది తప్పెలా అవుతుందండీ? ఏడేళ్లపాటు ఆమె నవ్వునూ అజ్ఞానాన్నీ తిట్లనూ అందరూ అమ్ముకున్నారు. చివరికి మిగిలిన ఒక్క వస్తువును తన చేత్తో తను అమ్ముకుంటే మాత్రం మర్యాద గుర్తొచ్చిందా? ఆ డబ్బు పిల్లల చదువుకని ఆమే చెప్పింది. నలుగురికీ తెలియకుండా గదిలో తలుపేసుకుని చనిపోయే సౌకర్యం అందరికీ ఉండదు.

ఇంకొకటి. ఆమె జబ్బు సంగతి బయటపడి, చనిపోయిన ఆ కాలంలో ఇంగ్లండులో ఈ క్యాన్సర్ పరీక్షకు మామూలుకంటే దాదాపు 4,78,000 మంది ఎక్కువగా వెళ్లారు. ఎన్ని కరపత్రాలు పంచితే అంతమంది కదులుతారు?

తోకచుక్క:
ఈమె ఎవరో ఇప్పుడే తెలిసింది. చూడకుండానే బాధేసింది.

నిదానం:
సంధ్యారాగం గారూ, ఆ ఊపు తర్వాతి ఏళ్లలో చల్లారిపోయింది, అది కూడా రాయవలసింది. అవగాహన అనే మాట ఎంత అగ్గువైపోయిందో చూడండి. 2024 ఫిబ్రవరి 2న నటి పూనం పాండే ఇదే క్యాన్సర్‌తో చనిపోయినట్టు ఆమె ఖాతాలోనే ప్రకటన వచ్చింది. మర్నాడు ఆమే ప్రత్యక్షమై, బతికే ఉన్నాను, అవగాహన కోసం చేశాను అంది. నిజంగా చనిపోతున్న మనిషి, చనిపోయినట్టు నటించిన మనిషి, ఇద్దరూ ఒకే మాట వెనక నిలబడగలిగారంటే ఆ మాటకు విలువేముంది?

తెరకు మనిషి ముఖ్యం కాదు, నిండటం ముఖ్యం. 2018లో శ్రీదేవి పోయినప్పుడు స్నానాల తొట్టిలోకి దిగి పడుకుని మరీ వివరించారు. 2009 జూన్ 25న నటి ఫారా ఫాసెట్ చనిపోయారు. అదే రోజు మైకేల్ జాక్సన్ పోవడంతో గంట తిరక్కుండా ఆమె మాయం. చావులో కూడా పోటీయే.

లెక్కల మాస్టారు:
గంట కాదు. ఫారా ఫాసెట్ చనిపోయింది లాస్ ఏంజెలెస్ సమయం ప్రకారం ఉదయం 9.28కి. జాక్సన్ మృతిని వైద్యులు ధ్రువీకరించింది మధ్యాహ్నం 2.26కి. తేడా 4 గంటల 58 నిమిషాలు.

నిదానం:
మాస్టారూ, గంట తిరక్కుండా అనేది తెలుగులో ఒక నుడికారం. గడియారం పట్టుకుని చదవరు.

లెక్కల మాస్టారు:
నుడికారమైతే తేదీ ఎందుకు ఇచ్చారు? తేదీ ఇస్తే అది లెక్క. ఐదు గంటలపాటు ఆమెకు పూర్తి ప్రసారం దక్కింది. పైగా అంతకు నెల ముందే ఆమె చికిత్స మీద తీసిన కార్యక్రమం అమెరికా టీవీలో వచ్చింది. కాబట్టి మాయమైందనడం కూడా సరికాదు.

డెస్కు మనిషి:
పన్నెండేళ్లు వార్తల డెస్కులో పనిచేశాను కనుక ఒక్క మాట. పెద్దల నివాళి వ్యాసాలు ముందే రాసి పెట్టుకోవడం మా పనిలో మామూలు. హాలీవుడ్ నటి ఎలిజబెత్ టేలర్ 2011లో పోతే న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చిన వ్యాసం రాసినాయన మెల్ గుస్సో. ఆయన 2005లోనే చనిపోయారు! స్టీవ్ జాబ్స్ పోవడానికి మూడేళ్ల ముందే, 2008లో, బ్లూమ్‌బర్గ్ వార్తా సంస్థ ఆయన నివాళి పొరపాటున బయటపెట్టింది. కోట శ్రీనివాసరావు గారు 2023లో తాను బతికే ఉన్నానని తానే వీడియోలో చెప్పుకోవలసి వచ్చింది.

జేడ్ విషయంలో ఒక బ్రిటిష్ పత్రిక ఆమె ఊపిరి ఉండగానే నల్లటి అంచులతో స్మారక సంచిక తెచ్చింది. ముందే రాసుకోవడం పని. ముందే అమ్మడం వేరు. నాకు తెలిసిన గీత అది.

నిదానం:
మంచి గీత. కానీ ఆ గీతకు అవతల నిలబడినవాళ్ల సంగతి నేను చెబుతాను.

మా నాన్న చివరి రోజు. ఆసుపత్రి గదిలో టీవీ. ఆ ఉదయమే ఒక పేరున్న హాస్యనటుడు పోయాడు. అన్ని ఛానెళ్లలోనూ అదే. నాన్నకు ఊపిరి అందడం లేదు. శబ్దం తగ్గించమని సాయంగా వచ్చిన బంధువును అడిగితే “ఒక్క నిమిషం” అన్నాడు. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి కోసం ఒక్క నిమిషం. తర్వాత కబురు చెబుదామని ఫోను చేస్తే, నలుగురిలో ఇద్దరు నేను చెప్పేలోపే “విన్నాం, పాపం, ఎంత నవ్వించేవాడు” అన్నారు. నా తండ్రి గురించి కాదు.

అందుకే నాకు ఈ సామూహిక దుఃఖం మీద గౌరవం లేదు. తెర మీద మనిషి కోసం కార్చే కన్నీళ్లు ఖర్చు లేని కన్నీళ్లు. పక్కింటి మనిషికైతే సేవ చేయాలి కదా.

తోకచుక్క:
నిదానం గారూ, చదువుతుంటే గొంతు పట్టేసింది.

సంధ్యారాగం:
మీ నాన్నగారి విషయంలో నాకూ బాధగానే ఉంది. కానీ మీ బంధువు మర్యాద లేనివాడైతే ఆ నేరం జేడ్ గూడీ మీద వేయడం మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టడం. ‘ఖర్చు లేని కన్నీళ్లు’ అని ఎవరి గురించి అన్నారో మీకు తెలియదు. తెర మీద మనిషితో చూసేవాళ్లకు ఏర్పడే ఈ ఒకవైపు స్నేహం గురించి హార్టన్, వోల్ అనే ఇద్దరు 1956లోనే రాశారు. టీవీ పుట్టిన కొత్తల్లోనే గమనించిన సంగతి ఇది. వెర్రివాళ్ల జబ్బు కాదు.

నిదానం:
పేరు పెట్టినంత మాత్రాన నాటకం నిజమైపోదు.

సంధ్యారాగం:
నాటకమా! అయితే వినండి. మా నాన్న పోయినప్పుడు మా అమ్మ ఏడవలేదు. ఒక్క చుక్క కూడా. ఆరేళ్ల తర్వాత, రోజూ రాత్రి వార్తలు చదివే ఒకావిడ పోయిందని తెలిసి రెండు రోజులు అన్నం ముట్టలేదు. మా అన్నయ్య మీలాగే అన్నాడు, నాటకమని. ఇంటికి వచ్చిన వాళ్ల ముందు అని నవ్వాడు కూడా.

నిదానం:
మీరు నా మాటనే రుజువు చేస్తున్నారు. ఇంట్లో మనిషికి దక్కని కన్నీరు తెర మీద మనిషికి దక్కింది. ఇంతకంటే ఏం కావాలి?

సంధ్యారాగం:
ఆ ఇంట్లో మనిషి ఎలాంటివాడో మీకేం తెలుసు? ఇరవై ఏడేళ్లలో మా అమ్మతో గొంతు పెంచకుండా మాట్లాడిన మనిషి ఆ ఇంట్లో ఆవిడ ఒక్కతే, అదీ టీవీలోంచి. రోజూ సరిగ్గా ఒకే వేళకు వచ్చేది, నమస్కారం పెట్టేది, కసిరేది కాదు. తండ్రి అయినంత మాత్రాన, భర్త అయినంత మాత్రాన కన్నీళ్లు బాకీ పడి ఉంటాయా? మీకు మంచి తండ్రి దొరికాడు. ఆ అదృష్టాన్ని కొలబద్దగా పెట్టి మిగతావాళ్ల ఏడుపు కొలవకండి.

నిర్వాహకులు:
ఇద్దరూ కాస్త తగ్గండి. వ్యక్తిగత వ్యాఖ్యలు ఇంకొకటి వస్తే చర్చ మూసేస్తాం.

లెక్కల మాస్టారు:
మూసే ముందు నిదానం గారు ‘గంట’ అన్నది సవరించాలి.

తోకచుక్క:
మాస్టారూ, ఇప్పుడా?

నిదానం:
సవరించవలసినది వేరే ఉంది. సంధ్యారాగం గారూ, మీ అమ్మగారిని అన్న మాటకు క్షమించండి. నేను చెప్పినదాంట్లో ఒకటి దాచాను.

బంధువు “ఒక్క నిమిషం” అన్న తర్వాత నేనే లేచి టీవీ వైరు పీకేశాను. అప్పటిదాకా నాన్న ఆ తెర వైపే చూస్తున్నారు. పొద్దుటి నుంచి నేను పిలిస్తే పలకనివారు, నా వైపు చూడనివారు, దానివైపు చూస్తున్నారు. ఆ నటుడి పాత సన్నివేశాలు వేస్తున్నారు. తెర నల్లబడగానే ఆయన కళ్లు మూసుకున్నారు. మళ్లీ తెరవలేదు. ఆయన పెదవులు నవ్వుతున్నట్టు ఉన్నాయని తర్వాత నర్సు అంది. నేను అది చూడలేదు. వైరు వెతుకుతున్నాను.

ఆయనకు ఆ నటుడంటే అంత ఇష్టమని నాకు తెలియదు. ఎప్పుడూ అడగలేదు.

సంధ్యారాగం:
ఆ సన్నివేశం ఏదో గుర్తుందా?

నిదానం:
గుర్తుంది. ఇప్పటికీ చూడలేను. రెండుసార్లు పెట్టి ఆపేశాను.

సంధ్యారాగం:
జేడ్ విషయంలో నా అభిప్రాయం మారదు. మిమ్మల్ని మార్చుకోమనీ అనను. మా అన్నయ్యకు ఇన్నాళ్లూ చెప్పవలసిన మాటలు మీకు తగిలాయి, అందుకు మాత్రం మన్నించండి.

డెస్కు మనిషి:
అలాంటి సన్నివేశాలు కత్తిరించి వరసపెట్టి ఇచ్చేది మేమే. పొద్దున్నే గబగబా, ఏది దొరికితే అది. అవతల ఎవరు చూస్తున్నారో ఒక్కరోజూ అనుకోలేదు.

లెక్కల మాస్టారు:
4 గంటల 58 నిమిషాలన్నది సరైనదే. ఇక ఎత్తను.