ఇంటి నుంచి తెచ్చిన రూటర్ పెడితే షాపులో బిల్లింగ్ ఆగిపోయింది, మళ్లీ జరగకుండా ఏం చేయాలి?

కౌంటర్_3
నమస్కారం అండి. విజయవాడలో ఒక మందుల హోల్‌సేల్ షాపులో కంప్యూటర్ల పని నాదే. కింద బిల్లింగ్, పైన గోడౌన్. 14 సిస్టమ్‌లు, వైఫై ఇచ్చే యాక్సెస్ పాయింట్లు రెండు, కేబుళ్లన్నీ వచ్చి కలిసే 24 పోర్టుల మేనేజ్డ్ స్విచ్ (సెట్టింగులు మార్చుకోగలిగేది) ఒకటి. పెట్టిన రోజు నుంచి ఆ స్విచ్‌లో ఎవరూ వేలు పెట్టలేదు.

సోమవారం పొద్దున ఆర్డర్లు ముమ్మరంగా వచ్చే వేళకి ఒక సిస్టమ్‌లో సర్వర్ దొరకడం లేదంది. కాసేపటికి ఇంకోటి. అన్నీ ఒక్కసారి ఆగి ఉంటే తొందరగా పట్టుకునేవాణ్ణి. సర్వర్ రీస్టార్ట్ చేశాను, కేబుళ్లు మార్చాను. మధ్యాహ్నానికి గానీ కంటపడలేదు: మా సిస్టమ్‌ల నెట్‌వర్క్ అడ్రసులు 192.168.10తో మొదలవ్వాలి, ఆగిన వాటిలో 192.168.0 అని ఉంది.

పైకెళ్లి వెతికితే ఇంజెక్షన్ల ఫ్రిజ్ వెనకాల పాత రూటర్ కనిపించింది. మా కేబుల్ దాని లాన్ పోర్టులో ఉంది, వైఫైకి పాస్‌వర్డ్ లేదు. స్టాక్ చూసే కుర్రాడు తెచ్చి పెట్టాడు. అతన్ని ఏమీ అనలేకపోయాను. ఆ మూల సిగ్నల్ అందట్లేదని రెండు నెలలుగా నాకే చెబుతున్నాడు.

ఇక ఇలా జరగకూడదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

గుంటూరు_వైరింగ్
తమ్ముడూ, ఆన్ చేయగానే సిస్టమ్ నాకు అడ్రస్ ఎవరిస్తారని నెట్‌వర్క్ అంతా అడుగుతుంది. ఆ రూటర్ ముందు పలికిన చోటల్లా తప్పు అడ్రస్ వచ్చింది. అందుకే ఒక్కొక్కటిగా పడ్డాయి.

నీ స్విచ్‌లో డీహెచ్‌సీపీ స్నూపింగ్ (అడ్రసులు ఎవరు పంచుతున్నారో స్విచ్ కనిపెట్టే ఏర్పాటు) ఉందేమో చూడు. మెయిన్ రూటర్ వచ్చే పోర్టు ఒక్కటే ట్రస్టెడ్‌గా పెట్టు. మిగతా పోర్టుల నుంచి ఎవరు అడ్రసులు పంచబోయినా స్విచ్ పోనివ్వదు. అయితే అది అడ్రసుల గొడవ వరకే. పాస్‌వర్డ్ లేని వైఫై అలాగే ఉంటుంది, మెట్ల మీద నిలబడ్డవాడు కూడా లోపలికి వచ్చేస్తాడు. కాబట్టి వాడని పోర్టులన్నీ ఆపేయి. సిస్టమ్ ఉన్న పోర్టుకి ఒకే మ్యాక్ అడ్రస్ (ఒక్కో పరికరానికి ఉండే గుర్తింపు నంబర్) అని లిమిట్ పెట్టు. యాక్సెస్ పాయింట్ల పోర్టులకి మాత్రం పెట్టకు, ఫోన్లన్నీ వాటి గుండానే వస్తాయి.

నాకు అసలు భయం మనం పెట్టినవాటితోనే. ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో యాక్సెస్ పాయింట్ రీసెట్ అయితే మళ్లీ సెట్ చేసి వచ్చాను. బయటివాళ్లకిచ్చే గెస్ట్ వైఫైని లోపలి నెట్‌వర్క్ నుంచి విడదీసే వీలాన్ నంబర్ వేయడం మర్చిపోయాను. సిగ్నల్ ఉంది, పాస్‌వర్డ్ ఉంది, ఎవరూ ఏమీ అనలేదు. మూడు వారాల తర్వాత నా ఫోన్ గెస్ట్‌లో కలిపి చూస్తే కాటా కంప్యూటర్‌లో షేర్డ్ ఫోల్డర్ తెరుచుకుంది. లారీ డ్రైవర్లందరి దగ్గరా ఆ పాస్‌వర్డ్ ఉంది. ఆ రాత్రి నిద్రపట్టలేదు. అప్పటి నుంచి ఏ సైటులోనైనా గెస్ట్‌లో కలిసి సర్వర్ అడ్రస్‌కి పింగ్ కొట్టి (పలుకుతుందో లేదో పిలిచి) చూడందే గేటు దాటను. జవాబు రాకూడదు.

రాత్రి_షిఫ్ట్
అన్న చెప్పినదానికి తోడు యాక్సెస్ పాయింట్లలో డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ బదులు బటన్ నొక్కో పిన్ కొట్టో వైఫైలో కలిపే పద్ధతి) కూడా చూడండి. పిన్ 8 అంకెలే అయినా రెండు ముక్కలుగా సరిచూస్తుంది, చివరి అంకె లెక్క కట్టి వచ్చేదే. అందుకని ఎక్కువలో ఎక్కువ 11,000 ప్రయత్నాల్లో దొరికిపోతుంది. 2011 నుంచి తెలిసిన లోపం ఇది. ఆపేయండి. వాటి సెట్టింగుల్లోకి వెళ్లే లాగిన్ అడ్మిన్, పాస్‌వర్డ్ కూడా అడ్మిన్ అని ఉంటే ఇవాళే మార్చండి.

కౌంటర్_3
చూశానండి. పై అంతస్తు యాక్సెస్ పాయింట్‌లో డబ్ల్యూపీఎస్ ఆన్‌లోనే ఉంది, పాస్‌వర్డ్ అడ్మినే. గెస్ట్ నుంచి పింగ్ కొడితే సర్వర్ పలికింది. ఇన్నాళ్లూ మెడికల్ రెప్‌లందరికీ ఆ వైఫై నేనే ఇచ్చాను. గెస్ట్ ఇప్పుడే ఆపేశాను, షాపు కట్టేశాక వీలాన్ వేసి మళ్లీ చూస్తాను. ఫ్రిజ్ మూలకి మూడో యాక్సెస్ పాయింట్ పెట్టడానికి ఓనర్ గారు ఒప్పుకున్నారు. రేపు కేబుల్ లాగుతున్నారు, ఎక్కడ బిగించాలో ఆ కుర్రాడినే చూపించమన్నాను.